పాత మారుతికి రోహిణీ గండం

విజయవాడ: రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, పాత కార్ల ఇంజన్లకు మాత్రం ఆ రోజులు గడ్డుకాలమే. బెంజి సర్కిల్ దగ్గరో, కనకదుర్గ వారధి మీదో బోనెట్ ఎత్తి ఆవిరి కక్కుతున్న చిన్న కారు, పక్కన ఖాళీ నీళ్ల సీసాతో దిక్కులు చూస్తున్న యజమాని, వెనక సీట్లో ఉక్కకు అల్లాడుతున్న పిల్లలు... ఏటా ఏప్రిల్ మొదలు జూన్ మొదటి వారం వరకూ కనిపించే దృశ్యమే ఇది.

‘‘ఏమైందండీ?’’ అని ఎవరైనా పలకరిస్తే సాధారణంగా వచ్చే జవాబు కూడా ఒకటే. ‘‘గాస్కెట్ పోయింది.’’

కారును తాడు కట్టి ఆటోనగర్‌కు లాక్కొస్తారు. హెడ్ విప్పుతారు. కొత్త గాస్కెట్ వేస్తారు. కారు ఇంటికి వెళుతుంది. రెండు నెలలు తిరక్కుండా మళ్లీ అదే కారు, అదే తాడు, అదే షెడ్డు. ఈసారి హెడ్ కూడా వంకర తిరిగి ఉంటుంది. మూడోసారికి బాగుచేత ఖర్చు కారు విలువను మించిపోతుంది. ఇక మిగిలేది పాత ఇనుము కొట్టు దారే.

ఈ తతంగమంతటికీ నింద మోసేది గాస్కెట్. నిజానికి చాలాసార్లు అది దోషి కాదు. మరెక్కడో జరిగిన తప్పుకు బలైపోయిన వస్తువు. ఆ తప్పేమిటో కనుక్కోకుండా గాస్కెట్ ఒక్కటే మార్చడమంటే పైకప్పు కారుతుంటే గోడకు వెల్ల వేసినట్టే.

ఇంకా తిరుగుతున్న ‘ఎనిమిది వందలు’

మధ్యతరగతి కుటుంబాలకు కారు యోగం పట్టించిన బండి మారుతి 800. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు అందాయి. అప్పటి నుంచి 2014 జనవరిలో తయారీ నిలిచిపోయే వరకు పాతిక లక్షలకు పైగా కార్లు వచ్చాయి. తయారీ ఆగినా రోడ్డు మీద బండి ఆగలేదు. రిటైరైన మాస్టార్లు, పల్లెలు తిరిగే మందుల ఏజెంట్లు, చిన్న వ్యాపారులు, డ్రైవింగ్ నేర్పేవాళ్లు... ఇలా ఎందరో దాన్ని సెకండ్ హ్యాండులో కొని, పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకుని నడుపుతున్నారు. ఇదే ఇంజను ఓమ్నీ వ్యాన్‌లోనూ వాడారు. ఆ వ్యాన్ తయారీ 2019 దాకా సాగింది. అందువల్ల విడిభాగాలకు ఇప్పటికీ పెద్ద కరువు లేదు. 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్‌లో ఈ ఇంజను విప్పి బిగించగల మెకానిక్కులకూ కొదవ లేదు.

కొరతల్లా ఒక్కటే. నీళ్ల మీద శ్రద్ధ.

రేకంత వస్తువుకు మూడు కాపలాలు

మారుతి ఇంజను సామర్థ్యం 796 సి.సి. మూడు సిలిండర్లు. కింది భాగమైన బ్లాకు పోత ఇనుముతో, పై భాగమైన హెడ్ అల్యూమినియంతో చేసినవి. ఈ రెండింటి మధ్య పలుచని రేకులా ఇమిడి ఉండేదే హెడ్ గాస్కెట్.

చూడటానికి అట్టముక్కలా ఉన్నా అది మూడు కాపలాలు కాస్తుంది. సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే మంట బయటకు పోకుండా చూడాలి. ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు సిలిండర్‌లోకి రాకుండా చూడాలి. పైకి ఎక్కే ఆయిల్ ఆ నీళ్లలో కలవకుండా చూడాలి. మండే వాయువు వేడి 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. దానికి అంగుళం దూరంలోనే నీళ్లు ప్రవహిస్తుంటాయి. నిప్పునూ నీటినీ విడదీసి ఉంచే గోడ ఆ పలుచని రేకే.

ఇక్కడ మరో చిక్కు ఉంది. వేడికి లోహాలన్నీ వ్యాకోచిస్తాయి కానీ ఒకేలా కాదు. అల్యూమినియం ఇనుము కంటే సుమారు రెండింతలు సాగుతుంది. మామూలు వేడిలో ఈ తేడాను గాస్కెట్ తట్టుకుంటుంది. వేడి హద్దు మీరితే పైనున్న హెడ్ సాగాలని చూస్తుంది, కిందనున్న ఇనుము, బిగించిన బోల్టులు సాగనివ్వవు. ఆ పెనుగులాటలో హెడ్ వంకర తిరుగుతుంది. బిగువు సడలిన చోట మంట దూరి గాస్కెట్‌ను కాల్చేస్తుంది. రెండు సిలిండర్ల మధ్య సన్నగా ఉండే చోటే ఎక్కువగా మొదట కాలుతుంది.

అంటే గాస్కెట్ పోయి కారు వేడెక్కడం తక్కువ. కారు వేడెక్కి గాస్కెట్ పోవడమే ఎక్కువ.

మూత చిన్నది, పని పెద్దది

రేడియేటర్ మూతను చాలామంది సీసా మూతలాగే చూస్తారు. పోతే దొరికిన మూత ఏదో ఒకటి బిగిస్తారు. అది మామూలు మూత కాదు. లోపల స్ప్రింగు, రబ్బరు వాషరు ఉంటాయి. ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ చేసే పనే అదీ చేస్తుంది. నీళ్లు మామూలుగా 100 డిగ్రీలకు మరుగుతాయి. మారుతి మూత మీద రాసి ఉండే 0.9 అంకె ప్రకారం లోపల ఒత్తిడి నిలిస్తే, అవే నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు.

రబ్బరు ఎండి పగిలితే ఈ వెసులుబాటు పోతుంది. నీళ్లు ముందే మరిగి, ప్రక్కనున్న రిజర్వు డబ్బాలోకి పొంగి, అక్కడి నుంచి రోడ్డు పాలవుతాయి. ఈ చిన్న ఇంజనులో పట్టే నీళ్లే మూడు నాలుగు లీటర్లు. అందులో లీటరు పోయిందంటే పావు వంతు పోయినట్టే.

మూత ఖరీదు ఇంజను పని ముందు లెక్కలోకి రానిది. కానీ హెడ్ విప్పిన బండికి సైతం పాత మూతే తిరిగి బిగించడం చాలా షెడ్లలో పరిపాటి.

బోరు నీళ్ల చేటు

ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున కొన్నాళ్లకు తెల్లని పొర కడుతుంది. దాన్ని గోకి తీయడం గృహిణులందరికీ తెలిసిన పనే. రేడియేటర్ సన్నని గొట్టాలలోనూ, ఇంజను నీటి దారులలోనూ సరిగ్గా అదే పొర కడుతుంది. అక్కడ గోకేవారుండరు. ఆ పొర వేడిని నీళ్లకు చేరనివ్వదు. గొట్టాలు ఒక్కొక్కటే పూడుకుపోతాయి. చలికాలంలో సగం రేడియేటర్‌తోనూ బండి నడుస్తుంది కనుక సంగతి బయటపడదు. మే నెల రాగానే పడుతుంది.

ఉత్త నీళ్లతో మరో నష్టం తుప్పు. బ్లాకు లోపల ఇనుము తుప్పు పట్టి నీళ్లు ఎర్రబడతాయి. అల్యూమినియం హెడ్‌లో నీటి రంధ్రాల అంచులు చెద తిన్నట్టు గుంటలు పడతాయి. అలా తిన్న అంచు మీద ఎంత మంచి గాస్కెట్ వేసినా నిలవదు.

కూలెంట్ పోయడం చలిదేశాల వారికేనని కొందరి అభిప్రాయం. అది పొరపాటు. అక్కడ నీళ్లు గడ్డకట్టకుండా కాపాడే ద్రవమే ఇక్కడ నీళ్లు త్వరగా మరగకుండా, లోహం తినివేయకుండా కాపాడుతుంది. కూలెంట్‌నూ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌నూ సగం సగం కలిపి పోయడం క్షేమం. డబ్బా మీద ‘కలిపి అమ్మేది’ అని ఉంటే మళ్లీ నీళ్లు కలపనక్కరలేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇది తియ్యగా ఉండే విషం. తీసిన పాత కూలెంట్‌ను గిన్నెల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో వదిలేస్తే పిల్లలకు, పశువులకు ప్రాణాపాయం.

రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేయడం లారీ డ్రైవర్ల నాటి నుంచి వస్తున్న చిట్కా. రాత్రి వేళ దారిలో ఇల్లు చేరడానికి అది పనికొస్తే రావచ్చు. అదే వైద్యమనుకుంటేనే ప్రమాదం. కారే రంధ్రాన్ని పూడ్చే పసుపు, కారని గొట్టాన్ని కూడా పూడుస్తుంది.

ఎక్కడ వేడెక్కిందో చెబితే సగం రోగం తెలిసినట్టే

కారును షెడ్డుకు తెచ్చినవారు ‘‘వేడెక్కుతోంది’’ అని ఊరుకుంటారు. ఎప్పుడు, ఎక్కడ వేడెక్కిందన్నది అంతకంటే ముఖ్యం.

ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే ముల్లు కిందికి దిగితే అనుమానించవలసింది ఫ్యాను. పాత ఫియట్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఫ్యాను ఇంజనుతో పాటే బెల్టు మీద తిరిగేది. మారుతిలో ఫ్యానుకు విడిగా కరెంటు మోటారు ఉంటుంది. నీళ్లు బాగా వేడెక్కితే ఒక స్విచ్ దాన్ని తిప్పుతుంది. ఆ స్విచ్, ఫ్యూజు, వైరు, మోటారు బ్రష్షులు... వీటిలో ఏది పోయినా ఫ్యాను తిరగదు. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలి సరిపోతుంది కనుక లోపం తెలియదు. బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు ఆగితే తెలుస్తుంది.

ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద గానీ ఎత్తు ఎక్కేటప్పుడు గానీ వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయిందేమో చూడాలి. వేసవి సెలవుల్లో నలుగురైదుగురు ఎక్కి, సామాన్లు వేసుకుని, ఏసీ నడుపుతూ తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కే పాత కార్లకు ఇది అసలు పరీక్ష. రెండో గేరులో ఇంజను ఎక్కువ కష్టపడుతుంది, బండి వేగం తక్కువ కనుక గాలి తగలదు, ఏసీ వేడి రేడియేటర్ ముందే చేరుతుంది. ఊళ్లో సరిపోయిన సగం రేడియేటర్ కొండ మీద చాలదు.

వేడితో పాటు బ్యాటరీ ఎర్రదీపం కూడా వెలిగితే బెల్టు తెగి ఉంటుంది. డైనమోనూ, నీళ్లు తిప్పే పంపునూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. అలాంటప్పుడు ఒక్క ఫర్లాంగు కూడా నడపరాదు.

ఇక థర్మోస్టాట్. ఇంజను చల్లగా ఉన్నంతసేపు నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపి, సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే చిన్న కవాటం ఇది. మూసుకుని పట్టేస్తే బండి వేడెక్కుతుంది. ‘‘మన ఎండలకు ఇదెందుకు సార్’’ అని తీసి పారేసే షెడ్లున్నాయి. తీసేస్తే ఇంజను సరైన వేడికి రావడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. పోయిన చోట కొత్తది వేయడమే మార్గం.

ముందే కనిపించే ఆనవాళ్లు

గాస్కెట్ ఒక్క రోజులో పోదు. కొన్ని వారాల ముందు నుంచే గుర్తులు చూపుతుంది.

కింద ఎక్కడా చుక్క కారకుండానే నీళ్లు తగ్గడం మొదటి గుర్తు. ఆ నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయన్నమాట. ఉదయం స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ కొట్టకుండా బండి వణికి, కాసేపటికి సర్దుకోవడం రెండోది. సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్లపొగ, తియ్యని వాసనతో ఆగకుండా రావడం మూడోది. చలికాలం ఉదయం కాసేపు కనిపించే ఆవిరికి భయపడనక్కరలేదు. చల్లని ఇంజనును మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం నాలుగోది. స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే, నీళ్లు వేడెక్కక ముందే పై రబ్బరు గొట్టం రాయిలా బిగిస్తే మండిన వాయువు నీళ్లలోకి దూరుతున్నట్టే.

ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పాల మీగడలాంటి జిడ్డు కనిపించడం మరో గుర్తు. వానాకాలంలో ఇంటికీ బజారుకూ మాత్రమే తిరిగే బండికి మూత అడుగున కొంచెం మీగడ పట్టడం మామూలే. ఆయిల్ స్టిక్ మీద కూడా టీ రంగు కనిపిస్తే మాత్రం ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టే. ఆ ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పోతాయి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే షెడ్డుకు తీసుకువెళితే పని గాస్కెట్‌తోనే పోతుంది. ‘వచ్చే నెల చూద్దాం’ అనుకుంటే హెడ్ దాకా వస్తుంది.

ఆగిన చోట అయిదు నిమిషాల నిగ్రహం

ముల్లు ‘హెచ్’ వైపు ఎక్కుతుంటే మొదట ఏసీ ఆపాలి. హీటరు ఉన్న బండి అయితే అద్దాలు దించి హీటరు పూర్తిగా తిప్పాలి. ఎండాకాలంలో ఇది శిక్షలా ఉన్నా ఇంజను వేడిని కొంత లాగుతుంది. ముల్లు ఎర్రగీతను తాకితే మరో ఆలోచన లేదు. రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపెయ్యాలి.

‘‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా, షెడ్డు దాకా పోనిద్దాం’’ అన్న మాటే ఎక్కువ ఇంజన్లను మింగింది. ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంగుతుంది. ఇంకొక మోసం కూడా ఉంది. నీళ్లు పూర్తిగా పోతే ముల్లు కిందికి పడిపోవచ్చు. వేడిని కొలిచే సెన్సారు నీళ్లలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. ఆవిరి కక్కుతున్న బండిలో ముల్లు దిగిందని సంతోషిస్తే ఇంజను దక్కదు.

ఆగాక బోనెట్ ఎత్తాలి. అంతవరకే. రేడియేటర్ మూత ముట్టుకోరాదు. లోపల 100 డిగ్రీలు దాటిన నీళ్లు మూత బిగువు మీదే మరగకుండా ఉంటాయి. మూత తిప్పిన మరుక్షణం ఆవిరిగా మారి ముఖం మీదికి చిమ్ముతాయి. ముఖాలు, చేతులు కాలేది ఈ తొందరపాటుతోనే. అరగంట నుంచి ముప్పావుగంట ఆగి, పై గొట్టం చేతితో నొక్కితే మెత్తగా ఉందనుకున్నాక, మందపాటి గుడ్డ వేసి కొద్దికొద్దిగా మూత తిప్పాలి.

కాగిన ఇంజనులో చల్లని నీళ్లు గుమ్మరించడం మరో ప్రమాదం. కాలిన గాజు చిమ్నీ మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో పెద్దలకు తెలుసు. హెడ్‌కూ అదే గతి పట్టవచ్చు. చల్లారాక, ఇంజను నడుస్తుండగా నెమ్మదిగా పోయాలి. లోపల గాలి చిక్కుకోకుండా బుడగలు ఆగేదాకా నింపాలి. ఆ సమయంలో మంచినీళ్ల సీసా అయినా ఫరవాలేదు. తర్వాత దాన్ని తీసేసి కూలెంట్ నింపుకోవచ్చు.

షెడ్డులో అడిగి చేయించుకోవలసినవి

హెడ్ విప్పక తప్పకపోతే ఆ పని ఒక్కసారే, సరిగా జరగాలి. విప్పక ముందే కంప్రెషన్ చూపించమని అడగాలి. పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ తక్కువ వస్తే వాటి మధ్య గాస్కెట్ కాలిందని గట్టి అనుమానం. ఇంజను పూర్తిగా చల్లారాకే హెడ్ బోల్టులు విప్పాలి.

విప్పిన హెడ్‌ను గుడ్డతో తుడిచి తిరిగి పెట్టేయడం కాదు. దాని మీద సరళమైన ఉక్కు బద్ద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి, సందులో ఫీలర్ గేజి దూర్చి చూడాలి. 0.05 మిల్లీమీటరు కంటే ఎక్కువ సందు ఉంటే హెడ్ వంగినట్టే. అంటే తల వెంట్రుకంత తేడా కూడా చాలు. అలాంటప్పుడు లేతు షాపులో ఫేసింగ్ చేయించాలి. పదే పదే ఫేసింగ్ చేస్తే లోహం తగ్గిపోయి హెడ్ పనికిరాకుండా పోతుంది. బీట ఉందేమో నీళ్ల ఒత్తిడితో పరీక్ష చేయించడం కూడా అవసరం. తిన్న అంచులకు వెల్డింగ్ పెట్టి సాపు చేసే పనివారు ఆటోనగర్‌లో ఉన్నారు.

కొత్త గాస్కెట్ వేశాక బోల్టుల బిగింపులోనే ఉంది కిటుకంతా. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా బిగించాలి. చేతి అంచనా కాదు, టార్క్ రెంచి వాడి కంపెనీ పుస్తకంలో చెప్పినంతే బిగించాలి. బోల్టు రంధ్రాలలో నీళ్లు, ఆయిల్ నిలిచి ఉంటే రెంచి బిగువు చూపినా హెడ్ బిగియదు. ‘‘ముప్పై ఏళ్ల చేయండీ, రెంచి ఎందుకు’’ అనే మేస్త్రీని నొప్పించకుండానే, రెంచి తెప్పించుకోవడం యజమాని హక్కు.

అన్నిటికన్నా ముఖ్యంగా, బండి తీసుకునే ముందు ఒక ప్రశ్న అడగాలి. ‘‘ఎందుకు వేడెక్కింది?’’ ఫ్యానా, మూతా, రేడియేటరా, పంపా, థర్మోస్టాటా... ఏదో ఒక పేరు జవాబుగా రావాలి. ‘‘గాస్కెట్ పోయింది కదండీ’’ అన్నది జవాబు కాదు. ఆయిల్, ఫిల్టరు మార్చడం, కొత్త కూలెంట్ పోయడం, ఫ్యాను తానంతట తాను తిరిగేదాకా ఇంజనును నిలిపి నడిపి చూడటం... ఇవి చేశాకే పని పూర్తయినట్టు.

ఉదయం ఒక్క నిమిషం

కొత్త కార్లలో అడ్డదిడ్డంగా వేడెక్కితే హెచ్చరించే ఏర్పాట్లున్నాయి. పాత మారుతికి ఉన్నది ఒక ముల్లు, దాన్ని చూసే యజమాని కళ్లు. వారానికోసారి ఉదయం బండి తీయక ముందు, ఇంజను చల్లగా ఉండగా మూత తీసి నీళ్లు అంచు దాకా ఉన్నాయో లేదో చూడాలి. రిజర్వు డబ్బాలో గీత చూస్తే మాత్రమే చాలదు. మూత రబ్బరు, గొట్టాల పగుళ్లు, బెల్టు బిగువు చూసుకోవాలి. వేసవి ముందు ఒకసారి రేడియేటర్ కడిగించాలి. దీనికి పట్టేది కాసింత సమయం, కొద్దిపాటి డబ్బు.

ఇరవయ్యేళ్ల కారు మార్కెట్లో పలికే ధర ఎంతన్నది వేరే మాట. ముసలి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, కూతుర్ని పరీక్షకు దింపడానికి, వారానికోసారి సొంత ఊరు చూసి రావడానికి ఆ బండే దిక్కయిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి బండి పాత ఇనుము కొట్టుకు చేరకుండా ఆపేది గుప్పెడు పసుపు కాదు. చల్లని ఉదయాన మూత తీసి చూసే అలవాటు, ముల్లు ఎర్రగీత తాకినప్పుడు ఆగే ఓర్పు.